దుంగ కింద కాపురం

గోదావరికి పెద్ద వరద వచ్చిన రోజుల్లో గట్టు మీద నిలబడి చూస్తే ఎర్రనీళ్ళలో కొట్టుకుపోతున్న దుంగలే దుంగలు. వేళ్ళతో సహా పెకలిపోయిన చెట్లు, వెదురు బొంగులు, ఎవరి దొడ్లోవో గడ్డివాములు. లంక గ్రామాల్లో ధైర్యం ఉన్నవాళ్ళు పడవేసుకుని వెళ్ళి నాలుగు దుంగలు లాక్కొచ్చి వంటచెరకు చేసుకుంటారు. మిగిలినవి ధవళేశ్వరం గేట్లు దాటి, పాయలు దాటి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఒడ్డునున్న మనిషికి దుంగ కథ అక్కడితో సరి. సముద్రంలో మాత్రం అది అప్పుడే మొదలవుతుంది.

తీరం వదిలి బాగా లోపలికి వెళ్ళాక చేపకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. నేల మూడు నాలుగు కిలోమీటర్ల కింద ఎక్కడో ఉంటుంది. నక్కడానికి రాయి లేదు, కొరుక్కు తినడానికి నాచు పట్టిన బండ లేదు, తరుముకొచ్చేదాన్ని తప్పించుకోవడానికి మలుపు లేదు. అలాంటి చోటికి ఒక దుంగ తేలుతూ వచ్చిందంటే ఊరు వచ్చినట్టే. కొన్నాళ్ళకు దానికి నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి, చిటికెన వేలి గోరంత పీతలు చేరతాయి. వాటి వెనక చిన్న చేపలు, ఆ చిన్న చేపల వెనక పెద్దవి. వేడి సముద్రాల్లో ఎక్కడైనా సరే, ఈ ఊళ్ళో తప్పకుండా కనిపించే కాపురస్థుల్లో ఒకటుంది. ముదురు బూడిద రంగు ఒళ్ళు, దాని మీద తెల్లటి కోలచుక్కలు, మూరెడు పొడవు. పేరు కాంథిడెర్మిస్ మాక్యులేటా. ట్రిగ్గర్ ఫిష్‌ల కుటుంబంలో నడిసముద్రాన్ని ఇల్లు చేసుకున్న చిన్న గుంపులో అది ఒకటి.

పుస్తకాలు దీన్ని నడిసముద్రపు చేప అని రాస్తాయి. ఆ మాట సగమే నిజం. ట్యూనాకు నడిసముద్రం ఇల్లు. ఈ చేపకు నడిసముద్రంలో తేలే వస్తువు ఇల్లు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టించుకోకపోతే ఈ చేప ఒంటి నిర్మాణమూ అర్థం కాదు, ఇప్పుడు దానికి జరుగుతున్నదీ అర్థం కాదు.

ముందు ఒంటి సంగతి చూద్దాం. చచ్చిన ట్రిగ్గర్ ఫిష్ ఏదైనా బల్ల మీద దొరికితే ఒక చిన్న పని చేసి చూడొచ్చు. వీపు మీద ముందువైపు మూడు ముళ్ళుంటాయి. మొదటిది లావుగా, మేకులా ఉంటుంది, ముందు అంచు ఆకురాయిలా గరగరలాడుతుంది. దాన్ని నిలబెట్టి వేలితో ఎంత నొక్కినా వంగదు. బొటనవేలు నొప్పి పుడుతుంది తప్ప ముల్లు కదలదు. దాని వెనకున్న చిన్న ముల్లును కొద్దిగా వెనక్కి నొక్కితే చాలు, పెద్దది టక్కున పడిపోయి వీపు మీది గాడిలో ఇమిడిపోతుంది. రెండో ముల్లు మొదలు మొదటి ముల్లు వెనకున్న పల్లంలో గొళ్ళెంలా కూర్చుంటుంది. తుపాకీ మీట నొక్కినట్టుంది కాబట్టి ట్రిగ్గర్ అన్న పేరు. గొళ్ళేనికి కండబలం అక్కర్లేదు, ఎముకల అమరికే చాలు. అందుకే ప్రాణం పోయాక కూడా పనిచేస్తుంది.

ఈ గొళ్ళెం పగడాల దిబ్బల కోసం పుట్టిన ఏర్పాటు. పెద్ద చేప తరిమితే ట్రిగ్గర్ ఫిష్ రాళ్ళ సందులో దూరి ఈ ముల్లు నిలబెడుతుంది, కింద పొట్ట దగ్గరున్న ఎముక మొనను కిందికి దించుతుంది. పైనా కిందా బిగుసుకుపోయాక లాగే నాథుడు లేడు. మిగతా ఒళ్ళూ దిబ్బ జీవితానికి తగ్గట్టే ఉంటుంది. నోరు చిన్నది, దవడలు గట్టివి. ముందు వరుసలో పైన ఎనిమిది, కింద ఎనిమిది పళ్ళు, ఒక్కొక్కటీ ఉలిలా ఉంటుంది. కళ్ళు నోటికి దూరంగా తల పైభాగాన ఉంటాయి. ముళ్ళబంతిలాంటి సీ అర్చిన్‌ను కొరుకుతున్నప్పుడు ముల్లు కంట్లో గుచ్చుకోకుండా ఆ దూరం పనికొస్తుంది. చర్మం తోలు కంటే మొండి, పొలుసులు పలకల్లా ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. మొప్ప తెరుచుకునే చోటు చిన్న చీలిక అంతే. మొత్తానికి ఇది రాయి పక్కన బతకడానికి తయారైన చేప. రాయే లేని చోటికి అది ఎందుకు వెళ్ళింది?

జవాబు ఈ కుటుంబం చిన్నతనంలో ఉంది. ట్రిగ్గర్ ఫిష్‌లు 40కి పైగా జాతులు. వాటిలో దిబ్బల మీద బతికేవాటి పిల్లలు కూడా గుడ్డు పగిలాక కొంతకాలం నడినీళ్ళలోనే తేలతాయి. కొన్నిటికి ఈ దశ చాలా పొడవు. అట్లాంటిక్‌లోని బూడిద రంగు ట్రిగ్గర్ ఫిష్, అంటే బాలిస్టెస్ కాప్రిస్కస్, పిల్లలు నాలుగు నుంచి ఏడు నెలలు సర్గాసమ్ నాచు కింద గడుపుతాయి. సర్గాసమ్ అంటే వేరు లేకుండా నీటి మీద తేలే గోధుమ రంగు నాచు. చిన్న చిన్న గాలి బుడగలు దాన్ని పైన నిలబెడతాయి. నీడా, తిండీ, చాటూ అన్నీ అక్కడే. కాస్త ఎదిగాక ఆ పిల్లలు నాచును వదిలి కిందికి దిగి నేల చూసుకుంటాయి.

కాంథిడెర్మిస్ ఆ దిగడం మానేసింది. తోటివన్నీ పెద్దయ్యాక నేల మీద కాపురం పెడితే, ఇది మాత్రం చిన్నప్పటి తెప్పను పట్టుకునే ఉండిపోయింది. ఇలా చూస్తే నడిసముద్రపు ట్రిగ్గర్ ఫిష్‌లో కొత్తగా వచ్చిన గుణాలకంటే వదిలిపెట్టని పాత అలవాట్లే ఎక్కువ కనిపిస్తాయి. బతుకు తీరును చూసి చెప్పే మాట ఇది. కానీ దాని ప్రవర్తన చాలామటుకు ఇలా చూస్తేనే అతుకుతుంది.

అలాగని ఒంటి మీద మార్పులేమీ లేవని కాదు. దిబ్బల ట్రిగ్గర్ ఫిష్‌లు గుండ్రంగా, తమలపాకు ఆకారంలో ఉంటాయి. కాంథిడెర్మిస్ కాస్త సాగినట్టు పొడవుగా ఉంటుంది. వీపు వెనకాల, పొట్ట వెనకాల ఉండే రెండు పెద్ద రెక్కల ముందు భాగం పైకీ కిందికీ కొడవళ్ళలా లేచి ఉంటుంది. ట్రిగ్గర్ ఫిష్‌లు మామూలుగా తోకతో ఈదవు. ఈ రెండు రెక్కల్లో అల పుట్టించి ముందుకు పోతాయి, వెనక్కీ పోతాయి, ఉన్నచోటే నిలబడతాయి. తోక అవసరం పరుగు తీసేటప్పుడే. దిబ్బ మీద సందుల్లో తిరగడానికి పనికొచ్చిన ఈ నెమ్మది ఈత, దూరం ఈదాల్సిన చేపలో ఎత్తు రెక్కలుగా మారింది. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. చాలా ట్రిగ్గర్ ఫిష్‌లకు మొప్ప చీలిక వెనక కొన్ని పెద్ద పలకల్లాంటి పొలుసులుంటాయి. కొన్ని జాతులు పక్కరెక్కతో వాటి మీద కొట్టి డప్పులా చప్పుడు చేస్తాయి. కాంథిడెర్మిస్‌కు ఆ పలకలు లేవు. చేతికి దొరికిన చేప ఏ ప్రజాతిదో తేల్చడానికి నిపుణులు ముందు చూసేవాటిలో ఇదొకటి.

గొళ్ళెం ముల్లు మాత్రం పోలేదు. దూరడానికి సందు లేని చోట అదెందుకు అనిపిస్తుంది. నడిసముద్రంలో మింగేవాళ్ళే ఎక్కువ. మాహి మాహి, ట్యూనా ఇవేవీ నమిలి తినే రకం కాదు, నోట్లో పట్టినదాన్ని మింగే రకం. నిలబడి బిగుసుకుపోయిన ముల్లు ఉన్నపళంగా చేప ఎత్తును పెంచుతుంది. నోట్లో పట్టనిదాన్ని ఎవరూ మింగలేరు. పిల్లలకు ఈ రక్షణ చాలదు. మాహి మాహి పొట్ట కోస్తే ట్రిగ్గర్ ఫిష్ పిల్లలు దొరకడం మామూలే. కాస్త ఎదిగినవాటికి మాత్రం అది బాగానే పనికొస్తుంది.

కాంథిడెర్మిస్ ప్రజాతిలో ప్రధానంగా చెప్పుకునేవి మూడు జాతులు. చుక్కలున్న మాక్యులేటా ప్రపంచంలోని వేడి సముద్రాలన్నిటా ఉంది. సఫ్లామెన్ పశ్చిమ అట్లాంటిక్‌ది. కరీబియన్, బ్రెజిల్, బెర్ముడా ప్రాంతాల్లో తిరుగుతుంది. చుక్కలు ఉండవు, బూడిద రంగు ఒంటి మీద పక్కరెక్క మొదట్లో ఒక నల్లమచ్చ ఉంటుంది. 60 సెంటీమీటర్లు దాటి పెరిగే పెద్ద చేప. మాక్రోలెపిస్ అరేబియా చుట్టుపక్కల సముద్రాలకే పరిమితం. ప్రజాతికి 19వ శతాబ్దంలో విలియం స్వైన్సన్ పెట్టిన పేరులో గ్రీకు మాటలున్నాయి, ముళ్ళ చర్మం అని అర్థం. మాక్యులేటా ఒంటిని తోక నుంచి తల వైపు ఒక్కసారి నిమిరితే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది.

ఈ మూడు పేర్ల వెనకా వైద్యులు ఉండడం తమాషా. మాక్యులేటాను 1786లో వర్ణించిన మార్కస్ బ్లాక్ బెర్లిన్‌లో డాక్టరు. సఫ్లామెన్‌కు 1815లో పేరు పెట్టిన శామ్యూల్ మిచిల్ న్యూయార్క్ డాక్టరు, అమెరికా సెనేట్‌లో కూడా కూర్చున్నాడు. మాక్రోలెపిస్‌ను 1888లో వర్ణించిన బూలెంజర్ లండన్ మ్యూజియం మనిషే గానీ, ఆయన ముందుకు మస్కట్ చేపల పెట్టెలు చేరింది ఆత్మారామ్ సదాశివ్ జయకర్ వల్ల. జయకర్ మస్కట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన భారతీయ సర్జన్. అరేబియా కొండమేక ఒకటి, ఒక ఇసుక పాము, ఒక సముద్ర గుర్రం ఆయన పేరు మోస్తున్నాయి. ఇంత చేసిన మనిషి పేరు మన పాఠాల్లో ఎక్కడా వినపడదు.

నడినీళ్ళలో బతికే ట్రిగ్గర్ ఫిష్‌లు ఇవి మాత్రమే కాదు. మధ్యస్థంగా బతికేవీ ఉన్నాయి. జాంథిక్తిస్ అనే ప్రజాతి చేపలు దిబ్బ అంచున, నేల ఒక్కసారిగా లోతుకు జారిపోయే చోట గుంపులుగా నిలబడి ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను, అంటే నీళ్ళలో తేలే చిన్నచిన్న జీవులను, ఏరుకు తింటాయి. వాటికి అడుగు అంచు మీద, నోరు లోతు వైపు. మనకు బాగా దగ్గరిది ఓడోనస్ నైగర్. నీలం నలుపు కలిసిన రంగు, ఎర్రటి పళ్ళు, చంద్రవంకలా చీలిన తోక. ఇది కూడా గుంపుగా నడినీళ్ళలో తేలుతూ ప్లాంక్టన్ తింటుంది. ప్రమాదం వచ్చిందంటే మాత్రం దిబ్బలోని సొంత బొరియలోకి తలకిందులుగా దూరిపోతుంది. తోక మాత్రం దాగదు. వందల బొరియల్లోంచి వందల తోకలు బయట పెట్టుకుని, మేం ఇక్కడ లేమన్నట్టు ఉండిపోతాయి. దిబ్బల ట్రిగ్గర్‌కూ నడిసముద్రపు ట్రిగ్గర్‌కూ మధ్య మెట్టు ఏదంటే ఆ తోకల దృశ్యం చూపించొచ్చు.

ఈ ఎర్రపళ్ళ చేప గత కొన్నేళ్ళుగా మన పడమటి తీరంలో ట్రాలర్ల వలల్లో విపరీతంగా పడుతోంది. కేరళలో క్లాత్తి అంటారు. కర్ణాటకలో మంగళూరు, మల్పే రేవుల్లో గుట్టలుగా దిగుతోంది. చర్మం ఒలవడం పెద్ద పని కాబట్టి వంటింటికి వెళ్ళేది తక్కువ. ఎక్కువ భాగం చేపల పొడి ఫ్యాక్టరీలకే పోతుంది. చేపల పొడి రొయ్యల మేతలో ముఖ్య సరుకు. దేశంలో రొయ్యల సాగులో అందరికంటే ముందున్నది ఆంధ్రప్రదేశ్. కాబట్టి భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పడే మేతకూ అరేబియా సముద్రపు ట్రిగ్గర్ ఫిష్‌కూ చుట్టరికం ఉందనుకుంటే పెద్ద తప్పు కాదు.

ఇలా ఒక్కసారిగా విరగబడడం ఈ కుటుంబానికి కొత్త కాదు. 1970ల మొదట్లో పశ్చిమ ఆఫ్రికా తీరంలో, ఘానా ఐవరీ కోస్ట్‌ల దగ్గర, బూడిద రంగు ట్రిగ్గర్ ఫిష్ ఉన్నట్టుండి పెరిగిపోయింది. అడుగున లాగే వలల్లోనూ అదే, పైన వేసే వలల్లోనూ అదే. ఒక దశలో ఆ తీరంలో దొరికే ప్రధాన చేపల్లో ఒకటైంది. 1980ల చివరికి అంతే వేగంగా తగ్గిపోయింది. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకునే విషయం. ఇక్కడ పనికొచ్చే సంగతి వేరే: అవకాశం చిక్కితే నేల చేప నడినీళ్ళ చేప కాగలదు, ఆ సౌలభ్యం ఈ కుటుంబం రక్తంలోనే ఉంది.

అయితే నేలతో తెగిపోని బంధం ఒకటి మిగిలింది. గుడ్లు. ట్యూనా గుడ్లను నీళ్ళలో వదిలేసి పోతుంది, అవి తేలుతూ పొదుగుతాయి. ట్రిగ్గర్ ఫిష్‌ల పద్ధతి అది కాదు. ఇసుకలో గుంట తీసి, అందులో జిగురు ముద్దలా గుడ్లు పెట్టి, దగ్గరే కాపలా ఉంటాయి. గూడు దగ్గరికి వచ్చిన డైవర్లను టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ తరిమి తరిమి కొరికిన కథలు ఎన్నో. సఫ్లామెన్ కూడా కరీబియన్‌లో గుంపుగా ఇసుక నేలకు దిగి గుంటలు తీస్తుంది. అప్పటిదాకా పైన నీలంలో తిరిగిన చేప రెక్కలతో నీళ్ళు చిమ్ముతూ ఇసుక ఊడ్చే దృశ్యం అక్కడి డైవర్లకు తెలిసిందే. నడిసముద్రపు చేప అన్న మాట సగమే నిజం అనడానికి ఇది ఇంకో కారణం. పుట్టింటికి రావడం పూర్తిగా మానేయలేదు.

ఇక దుంగ దగ్గరికి మళ్ళీ వద్దాం. తేలే వస్తువు చుట్టూ చేపలు వరసలు వరసలుగా ఉంటాయి. దుంగకు దాదాపు అంటుకుని కొన్ని, ఒకటి రెండు మీటర్ల దూరంలో కొన్ని, పదుల మీటర్ల అవతల వలయంలా తిరిగేవి కొన్ని. ట్రిగ్గర్ ఫిష్ లోపలి వరసల మనిషి. పిల్లగా ఉన్నప్పుడైతే దుంగను రాసుకుంటూనే ఉంటుంది, పెద్దయ్యాక కాస్త ఎడంగా, ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. ట్యూనా బయటి వరసది. అది దుంగ దగ్గరికి వస్తుంది, పోతుంది. చేపలు అసలెందుకు చేరతాయన్న దానికి రెండు వాదనలు బాగా వినపడతాయి. దుంగ నదుల నుంచి వస్తుంది, ప్రవాహాలు కలిసే చోట పోగవుతుంది, తిండి ఎక్కువుండేది కూడా అక్కడే, కాబట్టి దుంగ ఉన్న చోట తిండి ఉంటుందని చేపలు నేర్చుకున్నాయన్నది ఒకటి. చెల్లాచెదురైన గుంపులు మళ్ళీ కలుసుకోవడానికి దుంగ ఒక కూడలిలా పనికొస్తుందన్నది రెండోది. ఈ రెండూ ట్యూనాను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. ట్రిగ్గర్ ఫిష్‌కు ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. దానికి దుంగ అంటే రాయి. రాయి ఉంటే కొరకడానికి గుల్లలుంటాయి, చాటుండడానికి నీడ ఉంటుంది. అంతకుమించిన కారణం వెతకడం వృథా.

చేపలు దుంగ కింద చేరతాయని జాలర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఫిలిప్పీన్స్‌లో పయావ్ అనీ, ఇండోనేషియాలో రుంపోన్ అనీ తెప్పలను లంగరేసి వాటి కింద వేటాడతారు. మాల్దీవుల్లో ప్రభుత్వమే దీవుల చుట్టూ తెప్పలు లంగరేసి ఉంచుతుంది. అక్కడి జాలర్లు ఒక్కో గాలంతో ఒక్కో ట్యూనాను లాగుతారు. ఆ లెక్కలో ట్రిగ్గర్ ఫిష్‌కు పెద్దగా ముప్పు లేదు. పరిస్థితి మారింది యంత్రాల తెప్పలతో. వీటిని ఫ్యాడ్ అంటారు. వెదురు చట్రం, కింద యాభై అరవై మీటర్ల దాకా వేలాడే తాడు, ఒకప్పుడైతే పాత వల, పైన సోలార్ పలకతో నడిచే బోయా, అంటే తేలే యంత్రపు డబ్బా. ఆ బోయా ఉపగ్రహం ద్వారా తానెక్కడుందో చెబుతుంది. లోపల శబ్దం పంపి చేపను పసిగట్టే ఎకోసౌండర్ కింద ఎంత చేప చేరిందో కూడా చెబుతుంది. ఓడ కెప్టెన్ తెర ముందు కూర్చుని, ఏ తెప్ప దగ్గరికి వెళ్తే డీజిల్ ఖర్చు గిట్టుతుందో చూసుకుని బయల్దేరతాడు. తెల్లవారుజామున కిలోమీటరుకు పైగా పొడవున్న వల తెప్ప చుట్టూ తిరుగుతుంది. అడుగున తాడు లాగి సంచి మూతి బిగించినట్టు బిగిస్తారు.

సంచిలో స్కిప్‌జాక్, ఎల్లోఫిన్ ట్యూనాలతో పాటు తెప్ప కింద కాపురమున్నవన్నీ పడతాయి. బరువు లెక్కన ఈ అదనపు చేప మొత్తంలో కొద్ది శాతమే. తలల లెక్కన చూస్తే చిత్రం వేరు. హిందూ మహాసముద్రంలోనూ అట్లాంటిక్‌లోనూ పసిఫిక్‌లోనూ ఇలా వృథాగా పడే చేపల్లో సంఖ్యలో అందరికంటే ముందుండే కొద్ది జాతుల్లో చుక్కల ట్రిగ్గర్ ఫిష్ ఒకటి. రెయిన్‌బో రన్నర్, మాహి మాహి దాని సహవాసులు. లోపలి వరసలో ఉండడమే దానికి చేటు. ట్యూనా గుంపు ఆ పొద్దున తెప్ప వదిలి వెళ్ళి ఉండొచ్చు. ట్రిగ్గర్ ఫిష్ ఎక్కడికీ వెళ్ళదు.

హిందూ మహాసముద్రంలో ట్యూనా వేటను చూసుకునే సంస్థ ఐఓటీసీ, దాని కార్యాలయం సీషెల్స్‌లో ఉంది. భారత్ కూడా సభ్యదేశమే. సంస్థ బాధ్యత 16 జాతుల మీద, అన్నీ ట్యూనా, దాని చుట్టాలు. ట్రిగ్గర్ ఫిష్ ఆ జాబితాలో లేదు. కానీ 2019లో చేసిన ఒక తీర్మానంలో దాని పేరు కనిపిస్తుంది. వల వేసే ఓడలు ట్యూనాతో పాటు పడిన రెయిన్‌బో రన్నర్, మాహి మాహి, ట్రిగ్గర్ ఫిష్, వాహూ, బరకూడా లాంటి వాటిని సముద్రంలోకి విసిరేయకూడదు, ఒడ్డుకు తేవాలి అన్నది ఆ తీర్మానం సారం. తిండికి పనికొచ్చేదాన్ని పారేయడం తప్పన్నది దాని వెనకున్న మాట, సబబైన మాటే. అయితే ఒకటి గమనించాలి: ఆ నిబంధన చేపను వృథా కాకుండా చూస్తుంది, పట్టుబడకుండా చూడదు. ట్రిగ్గర్ ఫిష్ వైపు నుంచి చూస్తే డెక్ మీద నుంచి సముద్రంలోకి పోవాల్సింది ఇప్పుడు ఐస్ గదిలోకి పోతుంది.

ఒడ్డుకు తెస్తే ఎవరు కొంటారన్నదానికి అబిజాన్ మంచి ఉదాహరణ. ఐవరీ కోస్ట్‌లోని ఆ రేవులో యూరప్ ఓడలు దించే ట్యూనా క్యానరీలకు పోతుంది. నలిగిన ట్యూనా, చిన్న ట్యూనా, ట్రిగ్గర్ ఫిష్ లాంటివి మాత్రం పక్క దారిలో ఊళ్ళోకి వెళ్తాయి. ఆ సరుకుకు అక్కడి పేరు ఫో ప్వాసోఁ, అంటే దొంగ చేప, నకిలీ చేప. పేరు అలా ఉన్నా దాని మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. పొగబెట్టి, వేయించి అమ్మే ఆడవాళ్ళు, రోడ్డు పక్క తిండి బళ్ళు, బీదవాళ్ళ ఇళ్ళు, అన్నీ దాని మీద ఆధారపడ్డాయి. ఓడల వాళ్ళు పనికిరానిదన్నది నగరానికి మాంసకృత్తులైంది.

ఫ్యాడ్‌ల మీద గొడవ అంతా ట్యూనా చుట్టూ, సొరల చుట్టూ తిరుగుతుంది. దానికి కారణం ఉంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం హిందూ మహాసముద్రంలో ఫ్యాడ్‌లకు వేలాడే పాత వలల్లో చిక్కుకుని ఏటా 4,80,000 నుంచి 9,60,000 దాకా సిల్కీ సొరలు చనిపోతున్నాయని అంచనా వేసింది. ఎవరి కంటికీ కనపడని చావులు అవి. ఆ తర్వాతే చిక్కు పడని నమూనాల వైపు కదలిక వేగం అందుకుంది. 2020 నుంచి ఐఓటీసీ పరిధిలో ఫ్యాడ్‌లకు వల కట్టకూడదు. ఒక్కో ఓడకు ఒకే సమయంలో పనిచేసే బోయాల సంఖ్య మీద కూడా 2019లో 300 అని పరిమితి పెట్టారు. మొత్తం ప్రపంచంలో 2013 ఒక్క ఏడాదిలో సముద్రంలో వదిలిన ఫ్యాడ్‌లు 81,000 నుంచి 1,21,000 మధ్య ఉండొచ్చని ఒక అంచనా. పడమటి హిందూ మహాసముద్రంలో తేలే వస్తువుల్లో అధిక భాగం ఇప్పుడు దుంగలు కావు, ఇవే.

2000లో ముగ్గురు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ తెప్పలు ట్యూనాకు బోనులా మారుతున్నాయా అని ఒక ప్రశ్న వేశారు. దుంగ ఉన్న చోట తిండి ఉంటుందని నమ్మే చేపను, తిండి లేని చోట్లకు వదిలిన తెప్పలు తప్పుదారి పట్టిస్తాయన్నది వాళ్ళ అనుమానం. పాతికేళ్ళుగా ట్యూనా విషయంలో ఈ వాదన నడుస్తూనే ఉంది, బోను కాదనేవాళ్ళూ ఉన్నారు. అసలు ఈ ప్రశ్న వేయాల్సింది ట్రిగ్గర్ ఫిష్ గురించి. ట్యూనాకు తెప్ప ఒక మజిలీ మాత్రమే. తెప్పతో పాటు ఎక్కడికైతే అక్కడికి కొట్టుకుపోయేది ట్రిగ్గర్ ఫిష్. గోదావరి దుంగ నీళ్ళు నాని ఒక రోజు మునిగిపోతుంది. ఫ్యాడ్‌ను ఓడలు బాగుచేసి, బోయా మార్చి మళ్ళీ వదులుతాయి. ప్రవాహం దాన్ని దిబ్బల మీదికి తోస్తే పగడాలను నలగ్గొడుతుంది. అక్కడ నేల దొరికిన ట్రిగ్గర్ ఫిష్ ఒక రకంగా అదృష్టవంతురాలు. చల్లటి నీళ్ళలోకి తోస్తే దాని గతి వేరు.

మరోవైపు చూస్తే, తెప్పలు పెరిగాయంటే ఈ చేపకు ఇళ్ళు పెరిగినట్టే కదా అనొచ్చు. పిల్లలకు ఎక్కువ చాటు దొరుకుతుంది, ఎక్కువ బతుకుతాయి అన్నది కొట్టిపారేయలేని వాదనే. అట్లాంటిక్‌లో ఇలాంటిదే నాచు రూపంలో జరుగుతోంది. 2011 నుంచి ఆఫ్రికా, కరీబియన్ల మధ్య సర్గాసమ్ దాదాపు ఏటా పట్టీలా పరుచుకుంటోంది. 2018లో ఆ పట్టీ 8,850 కిలోమీటర్ల పొడవుంది, బరువు 2 కోట్ల టన్నులు దాటింది. బీచ్‌ల మీద కుళ్ళి కంపు కొట్టే ఆ నాచే నడిసముద్రంలో ట్రిగ్గర్ ఫిష్ పిల్లలకు ఊయల. కాకపోతే నాచుకు వల కాపలా కాయదు. ఫ్యాడ్ అలా కాదు. ఇల్లు కట్టినవాడే ఇల్లు గలవాళ్ళను పట్టుకుపోవడానికి వస్తాడు, ఇంట్లో ఎందరున్నారో ముందే ఉపగ్రహంలో చూసుకుని మరీ వస్తాడు.

చుక్కల ట్రిగ్గర్ ఫిష్‌ను అంతర్జాతీయ ఎర్ర జాబితా ఆందోళన అక్కర్లేని జాతుల్లో పెట్టింది. ప్రపంచమంతటా ఉంది, విరివిగా ఉంది, ఎవరూ దానికోసం వేటాడరు. కారణాలు సరైనవే. కానీ విరివిగా ఉందన్న మాట ఎక్కువగా వలల్లో విరివిగా పడుతోందన్న దాన్ని బట్టి వచ్చిందే, ఆ రెండూ ఒకటి కాదు. చుట్టుపక్కల ఎక్కడెక్కడో ఉండాల్సిన చేపలన్నీ వందల తెప్పల కింద పోగైతే, తెప్ప దగ్గర లెక్కపెట్టినవాడికి సముద్రం నిండా అవే ఉన్నట్టు కనిపిస్తుంది. జాతర రోజు ఊళ్ళో తలలు లెక్కపెట్టి జనాభా చెప్పినట్టు.

వల బిగించాక ఇంకో పని మిగులుతుంది. ఫ్యాడ్ వల మధ్యలోనే ఉంటుంది కదా, దాన్ని బయటికి తీయాలి. చిన్న బోటు దానికి తాడు కట్టి, వల పైఅంచున బెండ్ల వరసను కాస్త కిందికి నొక్కి, ఆ సందులోంచి మెల్లగా లాగుతుంది. గబగబా లాగితే తెప్ప ఒక్కటే వస్తుంది. నిదానంగా లాగితే దాని నీడలో ఈదే చేపలు కొన్ని, ఏమీ జరగనట్టు, వెదురును అంటిపెట్టుకునే బెండ్లు దాటి అవతలి నీలంలోకి వచ్చేస్తాయి.